ఇంటికి పంపేశారు

టెక్కలి,
18 మార్చి 2025, మంగళవారం

చెల్లీ చిన్నతల్లీ,

నిన్న శ్రీకాకుళంలో స్కాన్ తీయించుకుని, ఇక్కడ డాక్టరమ్మకి చూపించి, మా వీధి మొగదల నుంచే ఆటోలో వెళ్లిపోయావట. కాలికి సిమెంటు కట్టుతో మంచానికి అతుక్కున్నదాన్ని, ఒక్కసారి తొంగి చూసి పోతే ఏమయ్యేది? సరే, నొప్పితో ఉన్నావు, తిట్టను.

డాక్టరమ్మ రాత్రి నాకు ఫోన్ చేసింది. ముప్పై ఏళ్లు నర్సుగా చేసినదాన్ని కదా, నాకు చెబితే నీకు అర్థమయ్యేలా రాస్తానని ఆవిడ నమ్మకం. నీ జబ్బు పేరు డైవర్టిక్యులైటిస్. పేరుకి బెదిరిపోకు. పెద్దపేగు గోడకి చిన్న చిన్న సంచుల్లాంటి ఉబ్బులు వస్తాయి. వయసు మళ్లాక చాలామందికి ఉంటాయి, ఉన్నట్టే తెలియదు. నీకు ఎడమవైపు ఒకటి వాచింది. అందుకే పొట్ట కింద ఆ నొప్పి, ఆ కాస్త జ్వరం. చీము పట్టలేదు, చిల్లు పడలేదు. కిడ్నీలు శుభ్రంగా ఉన్నాయి. ఇంటింటా కిడ్నీ జబ్బులున్న మన ఉద్దానంలో ఎవరైనా మొదట అడిగేది అదే కాబట్టి అదీ రాస్తున్నాను.

దీనికి ఆసుపత్రిలో పడుకోనక్కర్లేదు. సూదులు, సెలైన్లు వద్దు. యాంటీబయాటిక్ కూడా ఇప్పటికి వద్దంది. మా రోజుల్లో వారం రోజులు వార్డులో ఉంచేవాళ్లం, ఇప్పుడు పద్ధతి మారింది. రెండు మూడు రోజులు పలచటివే తాగు: బార్లీ నీళ్లు, పప్పు మీద తేట, కొబ్బరినీళ్లు, మజ్జిగ తేట. తర్వాత మెత్తటి అన్నం. నొప్పికి పారాసెటమాల్ తప్ప ఇంకే మాత్రా, ఎవరిచ్చినా, వేసుకోవద్దు. శుక్రవారం వచ్చి రక్తపరీక్ష చేయించుకోవాలి. ఈలోగా జ్వరం పెరిగినా, వాంతులు పట్టుకున్నా, పొట్ట రాయిలా బిగిసినా, నొప్పి పొట్టంతా పాకినా ఒక్క పూట కూడా ఆగకుండా బయలుదేరు.

ఇక్కడి నుంచే సీతారాం మాస్టారు రోజూ మీ ఊరి బడికి బండి మీద వస్తాడు కదా, ఉత్తరాలు ఆయన చేత పంపుకుందాం. చెవులు వినపడని నీతో ఫోన్లో నేనేం మాట్లాడను? బార్లీ, మాత్రలు, జ్వరం చూసే పుల్ల కూడా ఇస్తున్నాను.

నాలుగు రోజుల్లో లేచి తోటకి వెళ్తావు.

ఉమక్క


కొత్తపేట, ఉద్దానం,
20 మార్చి, గురువారం పొద్దున్న

ఉమక్కకి,

నీ ఉత్తరం నిన్న అందింది. మూడుసార్లు చదివాను. బార్లీ కాచుకున్నాను. జ్వరం నూటొకటి. నొప్పి అలాగే ఉంది.

రాయకూడదేమో గానీ రాస్తున్నాను. ఊళ్లో వాళ్ల తీరు నాకు అంతుపట్టడం లేదు. మంగళవారం నుంచి జనం వస్తున్నారు. ఒకరిద్దరు కాదు. పొయ్యి దగ్గర పని వదిలేసి వస్తున్నారు. గుమ్మంలో ఆగి, చెప్పులు విడిచి, మంచం కాళ్ల వైపు నిలబడి నన్ను చూస్తున్నారు. నేను పెదాలు చూసి మాటలు పట్టుకుంటాను, నీకు తెలుసు. వాళ్లు పెదాలు కదపడం లేదు. పదేళ్ల కిందట గట్టు తగాదాలో నాతో మాటలు మానేసిన సూర్యం వచ్చి, వంగి నా కాళ్లకి దండం పెట్టి, వెనక్కి తిరక్కుండా వెళ్లిపోయాడు. వయసులో నాకన్నా పెద్దవాడు.

ఉషారాణి రెండు పూటలా వస్తోంది. మా మధ్య ఉన్నది ఒక్క గోడే అయినా, తోటికోడలు ఇంతలా ఎప్పుడూ రాలేదు. నిన్న నాకు తల దువ్వింది. నేను అడగలేదు. "నీకేటి తినాలని ఉందో సెప్పు అక్కా, వండీసి తెస్తాను" అంది. బార్లీ తప్ప వద్దన్నారంటే ముఖం అటు తిప్పుకుంది.

దాని మొగుడు గున్నయ్య సంగతి ఇంకోటి. తెల్లారగట్ల పలాసకి డయాలసిస్‌కి పోయి రావడం తప్ప అరుగు దిగని మనిషి, నిన్న మధ్యాహ్నం కర్ర పట్టుకుని నా గడప దాకా వచ్చాడు. చాలాసేపు నన్ను కాదు, గది మూల వైపు చూశాడు. తర్వాత నా వైపు తిరిగి, "నువ్వే ముందెల్లిపోతన్నావేటి వదినా? నా వంతు కదా" అన్నాడు.

పెదాలు తప్పు చదివానేమో అని మళ్లీ అడిగాను. మళ్లీ అదే అన్నాడు.

నాకేమైనా దాస్తున్నావా అక్కా?

చిన్నతల్లి


టెక్కలి,
20 మార్చి, గురువారం సాయంత్రం

చెల్లీ,

నీ ఉత్తరం చదివి ఒకవైపు నవ్వొచ్చింది, ఒకవైపు సంతోషం వేసింది. ఊరంతా వచ్చి చూస్తోందంటే నీ మంచితనమే కదా. ఇక్కడ నా కాలు విరిగి నెల దాటింది, పక్క వాటా వాళ్లు కూడా తలుపు తట్టలేదు. పైగా రావివలస గుడికి పోయే జనం మైకులు పెట్టుకుని మా వీధిలోంచే వెళ్తారు, నిద్ర ఉండదు. వినపడకపోవడం కూడా ఒక్కోసారి నయమే అనిపిస్తుంది, కోప్పడకు.

గున్నయ్య మాటలు పట్టించుకోకు. వారానికి మూడుసార్లు రక్తం శుభ్రం చేయించుకునే మనిషి, ఆ నీరసంలో ఏదో అని ఉంటాడు. సూర్యం వచ్చాడంటే తగాదా తీరిపోయిందన్న మాట. ఉషారాణి తల దువ్వితే దువ్వించుకో.

నేనేమీ దాచడం లేదు. నూటొకటి జ్వరం మొదటి రెండు రోజులు ఉండొచ్చు. రేపు రక్తపరీక్షకి మాత్రం తప్పకుండా రా. మళ్లీ చెబుతున్నాను, ఇంటి దగ్గరే తగ్గిపోతుంది. నాలుగు రోజుల్లో లేచి తోటకి వెళ్తావు.

ఉమక్క


కొత్తపేట,
21 మార్చి, శుక్రవారం పొద్దున్న

అక్కా,

నేను ఇవాళ రక్తపరీక్షకి రావడం లేదు.

"ఇంటి దగ్గరే తగ్గిపోతుంది. నాలుగు రోజుల్లో లేచి తోటకి వెళ్తావు." ఈ మాటలు ఎక్కడివో నీకు గుర్తులేకపోవచ్చు, నాకు గుర్తుంది. ఆరేళ్ల కిందట మా ఆయన్ని పెద్దాసుపత్రి నుంచి ఇంటికి పంపేసినప్పుడు నువ్వు ఆయనకి రాసిన ఉత్తరంలోవి. నేనే ఆయన మంచం పక్కన కూర్చుని పైకి చదివాను. నా గొంతు నాకు వినపడదు కదా, ఎంత గట్టిగా చదివానో, ఎంత నమ్మకంగా చదివానో తెలియదు. ఆయన నవ్వాడు. ఐదో రోజు పొద్దున్నకి లేడు.

ఊళ్లో అందరికీ ఎప్పుడో అర్థమైంది, నాకే ఆలస్యమైంది. నిన్న ఉషారాణిని భుజాలు పట్టుకుని అడిగాను. ఏడుస్తూ చెప్పింది. "డాట్రమ్మ సూదెయ్యలేదు, సెలైనెట్టలేదు, మంచి మందొకటి రాయలేదు. నీళ్లు తాగి ఇంట్లో ఉండమంది. కన్నయ్య బావకీ ఇలాగే కదా సేసేరు" అంది. ఉద్దానంలో ఇంటికి పంపేయడం అంటే ఏమిటో చిన్నపిల్లకి కూడా తెలుసు. జనం నన్ను చూడ్డానికి రావడం లేదక్కా. సాగనంపడానికి వస్తున్నారు.

మరొకటి చెబుతాను. పిచ్చి పట్టిందనుకోకు. బుధవారం మధ్యాహ్నం, మాస్టారి ఒంటిపూట బడి వదిలేశాక, ఊరంతా ఎండకి తలుపులు వేసుకున్న వేళ, నాకు వినపడింది. పన్నెండేళ్ల కిందట టీబీ సూదులతో చెవులు పోయాక నేను ఒక్క చప్పుడు వినలేదు. ఉరుము కూడా నాకు గుండెల్లో అదిరితేనే తెలుస్తుంది. అలాంటి దాన్ని, స్పష్టంగా ఆయన గొంతు విన్నాను. జబ్బు చేసినప్పటి గొంతు నేను ఎరగను కదా, ఇది అంతకు ముందుది, తోటలో కూలీలని కేకేసినప్పటి గొంతు. "ఇంక సాలు. ఎల్లిపోదాం" అన్నాడు. పేరు పెట్టలేదు. నన్ను పేరు పెట్టి పిలిచే అలవాటు ఆయనకి ఏనాడూ లేదు.

నిన్న కూడా అదే వేళకి అదే మాట. రెండు రోజులూ ఆ గొంతు ఆగిన కాసేపటికే గున్నయ్య వచ్చి గడపలో నిలబడ్డాడు. నేను ఉన్నానో పోయానో చూసుకోవడానికే అనుకుంటాను.

ఉషారాణి వండిన పనసకాయ కూర, చేపల పులుసు నిన్న సాయంత్రం కడుపునిండా తిన్నాను. ఇంక దేనికి ఆపుకోవడం? రాత్రి నుంచి నొప్పి పెరిగింది. ఉషారాణి గున్నయ్య పాత నొప్పి మాత్రల అట్ట ఒకటి తెచ్చి తలగడ దగ్గర పెట్టింది. వేసుకుంటే కాసేపు హాయిగా ఉంటుందట. ఇంకా వేసుకోలేదు. మధ్యాహ్నం దాకా చూస్తాను.

నువ్వు ఒక్కదానివే నాకు మిగిలిన మనిషివి. నిజం రాయి.

చిన్నతల్లి


టెక్కలి,
21 మార్చి, శుక్రవారం మధ్యాహ్నం

చిన్నతల్లీ,

మాస్టారిని ఎండలో మళ్లీ వెనక్కి పంపుతున్నాను. పాపం ఆయన వద్దనలేదు, అన్నం కూడా తినలేదు. ఉషారాణికి ఫోన్ చేస్తే "అక్క పడుకుంది" అని పెట్టేసింది. ముందు ఆ మాత్రల అట్ట మాస్టారి చేతికి ఇచ్చెయ్యి. తర్వాత చదువు.

అవును. కన్నయ్యకి నేను అబద్ధం రాశాను.

అతని కిడ్నీలు పోయి గుండె చుట్టూ నీరు చేరిందనీ, ఇంక వారం కూడా కష్టమనీ ఆ రోజు డాక్టర్లు నాకు చెప్పారు. నర్సుని కదా అని నాకే చెప్పారు. మరిది ముఖం చూసి చెప్పే ధైర్యం లేక ఉత్తరం రాశాను. అది నీ చేత చదివించాను. ఆఖరి రోజుల్లో మీ ఇద్దరూ ఏం మాట్లాడుకోవాలో అది మాట్లాడుకోనివ్వలేదు. తోట గురించి, కొబ్బరి దింపు గురించి మాట్లాడుకున్నారని నువ్వే తర్వాత చెప్పావు. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు మనసులో ముల్లు. ఆరేళ్లుగా నీకు చెప్పలేదు. పాడు చెయ్యి, అలవాటు కొద్దీ నీకూ అదే వాక్యం రాసింది. నాకు తెలియలేదు.

ఇప్పుడు ఇది చూడు. కన్నయ్యకి రాసినదానికీ నీకు రాసినదానికీ ఒక తేడా ఉంది. జ్వరం పెరిగితే, వాంతులైతే, పొట్ట బిగిస్తే పరుగెత్తి రమ్మని నీకు రాశాను. కన్నయ్యకి అలాంటిది ఒక్కటీ రాయలేదు. అబద్ధం చెప్పేవాళ్లు ఏం జరిగితే భయపడాలో చెప్పరు, చిన్నతల్లీ. బతికే మనిషికే ఆ జాబితా ఇస్తారు.

నీ స్కాన్ కాగితంలో ఉన్నదంతా తెలుగులో చేసి వెనక పేజీలో రాశాను. ఒక్క మాట వదల్లేదు. నన్ను నమ్మకు. నీ ఒంటిని నువ్వే చూసుకో. పుల్ల పెట్టి జ్వరం చూడు. వెల్లకిలా పడుకుని, మోకాళ్లు ముడిచి, అరచేత్తో పొట్ట నాలుగు వైపులా మెల్లగా నొక్కు. మెత్తగా లొంగిందా, చెక్కలా ఎదురు తిరిగిందా? వాంతి అయిందా? నొప్పి ఎడమపక్కనే ఉందా, అంతటా పాకిందా? ఒక్కటి తేడాగా ఉన్నా మాస్టారు ఇప్పుడే ఆటో ఎక్కిస్తాడు. ఏదీ లేకపోతే రేపు పొద్దున్న రా. ఆ పనసకాయ కూర తిన్నందుకు ఎలాగూ ఒకసారి చూపించాలి.

ఆ గొంతు సంగతి నాకు తెలియదు. తెలియనిది తెలిసినట్టు ఇంక రాయను.

మీ అక్క


కొత్తపేట,
23 మార్చి, ఆదివారం

అక్కా,

నిన్న నీ మంచం పక్కన గంటసేపు కూర్చుని కూడా ఈ మాట చెప్పలేకపోయాను. రాస్తేనే వస్తుంది నాకు.

శుక్రవారం మాస్టారు చొక్కా అంతా చెమటతో వచ్చి ఉత్తరం చేతిలో పెట్టాడు. అట్ట ఇచ్చేశాను. ఆయన అరుగు మీద కూర్చున్నాడు. నేను చదివాను. కన్నయ్యకి అబద్ధం రాశాను అన్న దగ్గర నీ మీద ఎంత కోపం వచ్చిందంటే, కాగితం ఉండచుట్టి పారేశాను. మళ్లీ నేనే లేచి ఏరుకున్నాను.

పుల్ల పెట్టుకున్నాను. నూరు. అంతకు ముందు రోజుకన్నా తక్కువ. పొట్ట నొక్కాను, లొంగింది. నొప్పి ఎడమపక్కనే ఉంది. వాంతి లేదు. అప్పుడు మళ్లీ వినపడింది అక్కా, నా అరచెయ్యి పొట్ట మీద ఉండగానే. "ఇంక సాలు. ఎల్లిపోదాం." చాలా దగ్గరగా, గోడలో నుంచి అన్నట్టు.

నేను పైకే సమాధానం చెప్పాను. "నేను రాను. నాకు తగ్గుతాది. నీకు ఆ అబద్ధం సదివి సెప్పినందుకు మాత్రం తప్పు నాదే" అన్నాను. నా గొంతు ఎలా వచ్చిందో తెలియదు. మాస్టారు ఉలిక్కిపడి లోపలికి తొంగి చూశాడు. ఆయన వెనకే గున్నయ్య, కర్రతో. ఆ ముఖం తెల్లగా పాలిపోయి ఉంది. కర్ర తిప్పుకుని వెళ్లిపోయాడు.

నిన్న డాక్టరమ్మ పొట్ట చూసి, రక్తం చూసి, వాపు తగ్గుముఖం పట్టిందంది కదా. ఇవాళ మెత్తటి అన్నం తిన్నాను, ఏమీ కాలేదు. నొప్పి నిన్నటిలో సగం. తగ్గింది కాబట్టి ఆ గొంతు కూడా పోతుందనుకున్నాను. మధ్యాహ్నం మళ్లీ వచ్చింది. నాకు ఇప్పుడు జ్వరం లేదు అక్కా. పస్తు కూడా లేదు. అయినా వచ్చింది.

చిన్నతల్లి


టెక్కలి,
27 మార్చి, గురువారం

చెల్లీ,

డాక్టరమ్మని అడిగాను. చాలాకాలం చప్పుడు లేని చెవికి మెదడే చప్పుళ్లు కల్పించి ఇస్తుందట. పాటలు వినేవాళ్లు కూడా ఉన్నారట. పిచ్చి కాదు, దయ్యమూ కాదు. జ్వరం, దిగులు, పస్తు కలిసి తెచ్చి ఉంటాయని, కొన్నాళ్లు ఉండి పోతుందని చెప్పింది. నేను విన్నది విన్నట్టు రాశాను. నువ్వు ఎలా తీసుకుంటావో నీ ఇష్టం.

ఇంకో ఆరేడు వారాలయ్యాక పేగులోకి గొట్టం వేసి ఒకసారి లోపల చూడాలి. వాపు వెనక ఇంకేమీ దాక్కోలేదని ఖాయం చేసుకోవడానికి. ఈలోగా పీచు ఉన్న కూరలు మెల్లగా పెంచు, నీళ్లు బాగా తాగు.

ఊళ్లో వాళ్లు ఇప్పుడు ఎలా ఉన్నారు? సూర్యం మళ్లీ మాట్లాడాడా? నా కట్టు సోమవారం విప్పుతారు. లోపల ఒకటే దురద, స్కేలు దూర్చి గోకుతున్నాను. నర్సు చేయకూడని పని.

ఉమక్క


కొత్తపేట,
21 ఏప్రిల్, సోమవారం

అక్కా,

నెల రోజులు రాయలేదు. రాయాల్సింది ఏమీ లేక కాదు.

నేను తోటకి వెళ్తున్నాను. జీడిపిక్కలు ఏరుతున్నాను. నొప్పి లేదు. కానీ ఊళ్లో వాళ్లు నన్ను చూసే చూపు మారలేదు. ఎదురైతే పక్కకి తప్పుకుంటారు. ఒకసారి దండం పెట్టి సాగనంపిన మనిషి బజార్లో సంచీ పట్టుకుని కనపడితే ఎవరికైనా ఎలా ఉంటుంది? సూర్యం నన్ను చూడగానే సందులోకి మళ్లిపోయాడు. కాళ్లు మొక్కినందుకు సిగ్గో, భయమో. ఒక్కోసారి నాకే అనుమానం వస్తుంది, నిజంగా మిగిలానా అని. చేత్తో పొట్ట నొక్కి చూసుకుంటాను.

ఆ గొంతు పోలేదు. రోజూ కాదు గానీ వస్తోంది. భయం పోయింది. పొలం నుంచి ఆలస్యంగా వచ్చినవాణ్ని పలకరించినట్టు "ఆఁ, విన్నాను" అంటాను.

అసలు సంగతి ఇది. శనివారం గున్నయ్యని ఇంటికి పంపేశారు. గుండె బలహీనమైపోయిందట, ఇంక డయాలసిస్ తట్టుకోదట. ఉషారాణికి చెప్పారు, అతనికి చెప్పలేదు. నిన్న ఉషారాణి వచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది. "నిన్నూ ఇంటికి పంపేసినారు కదా అక్కా. లేసి తిరుగుతన్నావు. నువ్వు సెప్తే నమ్ముతాడు. నాకూ తగ్గింది, నీకూ తగ్గిపోద్ది అని ఒక్క మాట సెప్పు. అంతే. ఇంకేటీ అడగను" అంది.

ఏం చెయ్యమంటావు? బుధవారంతో బడికి సెలవులు, మాస్టారు ఇంక రాడు. రేపే జవాబు రాయి.

చిన్నతల్లి


టెక్కలి,
22 ఏప్రిల్, మంగళవారం

చిన్నతల్లీ,

ఏం చెయ్యాలో నేను చెప్పను. ఆ హక్కు నాకు లేదు.

ఒక్కటే రాస్తాను. నేను ఆ రోజు అబద్ధం రాసింది కన్నయ్య కోసం అనుకున్నాను. కాదు. నా కోసం. ఉషారాణి తప్పు చేస్తోందని కూడా అనను. మొగుడి ముఖంలో ఆశ ఆరిపోవడం చూడాలంటే ఎవరి గుండె ఒప్పుకుంటుంది?

అతను అడిగితే, అడిగినంత వరకే చెప్పు. అడగకపోతే మాత్రం తలుపు తట్టి చెప్పకు.

అక్క


కొత్తపేట,
6 మే, మంగళవారం

అక్కా,

గున్నయ్య శుక్రవారం పోయాడు. నీకు ఫోన్లో చెప్పారనుకుంటాను. ఎలా జరిగిందో నేను రాస్తున్నాను. ఇది పోస్టులో వేస్తాను, ఎప్పటికి చేరుతుందో.

నీ ఉత్తరం అందిన రెండో రోజు, గురువారం మధ్యాహ్నం వాళ్లింటికి వెళ్లాను. ఉషారాణి తలుపు దగ్గరే నన్ను ఆపి కళ్లతో బతిమాలింది. గున్నయ్య దిండ్లకి ఆనుకుని ఉన్నాడు. కాళ్లు బాగా వాచాయి. నేను పెదాలు చూడగలిగేలా ముఖం వెలుగు వైపు తిప్పుకున్నాడు. ఆ మర్యాద అతనికి ఎప్పుడూ ఉంది.

"నీలాగే నన్నూ పంపీసినారు వదినా. నాకూ తగ్గుతాదా?" అన్నాడు.

అడిగాడు అక్కా. అడిగినంత వరకే చెప్పాను. "నన్ను పంపింది తగ్గుతాదని. నిన్ను పంపింది అందుకు కాదు, గున్నయ్యా" అన్నాను. ఉషారాణి నా వీపు మీద కొట్టింది. రెండుసార్లు. నేను కదల్లేదు.

గున్నయ్య ఏడవలేదు. "నాకు తెల్సు" అన్నాడు. తర్వాత ఇంకో మాట అన్నాడు. నువ్వు కూర్చుని చదువు.

"మార్చి నెల నుంచీ ఇనపడతంది. మిట్టమధ్యాన్నం. అన్న గొంతే. ఇంక సాలు, ఎల్లిపోదాం అంటాడు. అప్పుడు నువ్వు మంచాన పడి ఉన్నావు కదా, నిన్నే పిలుత్తన్నాడనుకున్నాను. అందుకే వచ్చి సూసేవాణ్ని, ఎల్లిపోయావేమో అని. ఆవేళ నువ్వు నేను రాను అని అరిసేవు. అప్పుడు తెల్సింది నీకూ ఇనపడతందని. నువ్వు రానన్నాక కూడా పిలుపు ఆగలేదు. పిలిసింది నన్ను వదినా. మజ్జిలో గోడొకటే కదా, నీకూ ఇనపడింది."

ఆ గొంతు సంగతి నేను నీకు తప్ప ఎవరికీ చెప్పలేదు. నా ఉత్తరాలు మాస్టారు విప్పే మనిషి కాదు. ఆ మాటలు రెండూ అచ్చు అవే. డాక్టరమ్మ చెప్పింది నేను కాదనను. అతనికి చెవులు బాగానే ఉన్నాయి, అది మాత్రం రాస్తున్నాను.

నేను మధ్య గోడ వైపు చూశాను. అతను మాత్రం నెమ్మదించాడు. ఉషారాణిని పిలిచి మంచం మీద కూర్చోమన్నాడు. నేను బయటికి వచ్చేశాను.

ఆ తర్వాత ఎనిమిది రోజులు ఉన్నాడు. ఉషారాణి నా గడప తొక్కలేదు. వాళ్ల అరుగు మీద వాళ్లిద్దరూ దగ్గరగా కూర్చుని ఉండడం మా వాకిట్లోంచి కనపడేది. పెదాలు చూడకూడదని నేను ముఖం తిప్పుకునేదాన్ని. శుక్రవారం మధ్యాహ్నం నేను పిక్కలు ఎండబోస్తుంటే మళ్లీ ఆ గొంతు వచ్చింది. ఈసారి రెండు గొంతులు, మాట్లాడుకుంటూ, తోట వైపు వెళ్తున్నట్టు, దూరమవుతూ. ఏం అనుకుంటున్నారో అందలేదు. చేట కింద పెట్టి పరుగెత్తేసరికి ఉషారాణి అప్పుడే గుమ్మంలోకి వచ్చి నిలబడింది. అప్పటి నుంచి నాకు మళ్లీ ఏమీ వినపడలేదు. ఇంక వినపడదనుకుంటాను.

పేగు పరీక్షకి పదిహేనో తారీకు ఇచ్చారు. నువ్వు కర్ర పట్టుకుని నడుస్తున్నావట కదా, ఆ రోజు నువ్వూ రా. నాకు లోపల భయంగానే ఉంది.

నిన్న సాయంత్రం ఉషారాణి వచ్చింది. వారం పదిరోజుల తర్వాత. తిడుతుందనుకున్నాను. నా పక్కన చాప మీద కూర్చుంది. తర్వాత నా గడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకుంది, నేను పెదాలు చూడడానికి.

"ముప్పై ఏళ్ల కాపురంలో మాటాడనంత మాటాడేడక్కా ఆ ఎనిమిది రోజులూ" అంది.

చిన్నతల్లి